కంచం వెనక అప్పు: నెల్లూరు, ప్రకాశం పల్లెలకు ఆహార మండళ్లు ఎందుకు?

ప్రభుత్వ బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి పొద్దున్నే వెళ్లేది కూరగాయల తోటకు కాదు, కిరాణా కొట్టుకు. కందిపప్పు, నూనె ప్యాకెట్లు, కారం, పసుపు, ఉల్లిపాయలు తీసుకోవాలి. చేతిలో డబ్బు ఉండదు. కొట్టాయన ఖాతా పుస్తకం తీసి, వేలు తడి చేసుకుని పేజీ తిప్పి, కిందటి లెక్క కింద ఈ రోజు లెక్క రాస్తాడు. ప్రభుత్వం నుంచి బిల్లు పడినప్పుడు తీర్చాలి. పప్పు పాతదైనా, అక్కడక్కడా పుచ్చు కనిపించినా, పక్క వీధిలో కంటే కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆమె మాట్లాడలేదు. రేపు కూడా అప్పు ఇవ్వాల్సింది ఆయనే.

అదే ఊళ్లో నల్లరేగడిలో శనగ వేసిన కౌలు రైతుదీ ఇదే పరిస్థితి. విత్తనానికి, పురుగుమందుకు, కోత కూలికి అడ్వాన్స్ ఇచ్చిన వ్యాపారికే పంట తూచాలి. ధర బాగా లేదని ఆపుకునే స్వేచ్ఛ అతనికి లేదు. ఆ శనగలు లారీ ఎక్కి ఎక్కడికో పోయి, పప్పై, ప్యాకెట్టై, నాలుగు చేతులు మారి మళ్లీ ఆ ఊరి కొట్టుకే వస్తాయి. వండే ఆమెకు, పండించే అతనికి మధ్య దూరం అరకిలోమీటరే కావచ్చు. కానీ ఒకరి సరుకు ఒకరికి చేరదు, ఎందుకంటే ఇద్దరి పేర్లూ వేర్వేరు ఖాతా పుస్తకాల్లో ఉన్నాయి.

స్థానిక ఆహారం గురించి మాట్లాడేటప్పుడు రుచి, పోషకాలు, పాత పంటల గొప్పదనం గురించి చాలా చెబుతారు. అవన్నీ నిజమే. అయితే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కంచంలోకి ఏది రావాలో ముందుగా నిర్ణయిస్తున్నది అప్పు. ఆహార మండలి అనే ఆలోచనను ఇక్కడికి తెచ్చుకోవాలంటే మొదట ఈ విషయాన్ని ఒప్పుకోవాలి.

ఎక్కడ పుట్టింది, ఏం చేసింది

ఊరి ఆహారం గురించి ఊరివాళ్లే కూర్చుని మాట్లాడుకునే స్థిరమైన వేదిక ఆహార మండలి. పండించేవాళ్లు, అమ్మేవాళ్లు, వండేవాళ్లు, తినేవాళ్లు, ఆరోగ్య శాఖవాళ్లు, పంచాయతీ లేదా మున్సిపాలిటీవాళ్లు ఒకే చోట కూర్చుంటారు. ఈ తరహా మండలి మొదట ఏర్పడింది అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ నగరంలో, 1982లో. కెనడాలోని టొరంటోలో 1991లో వచ్చింది. ఇప్పుడు ఉత్తర అమెరికాలో ఇలాంటివి మూడు వందలకు పైనే ఉన్నాయి. 2015 అక్టోబరులో ఇటలీలోని మిలాన్‌లో ప్రపంచ నగరాలు చాలా కలిసి పట్టణ ఆహార విధానంపై ఒప్పందం చేసుకున్నాయి.

వీటిలో చాలావాటికి ఒక బలహీనత ఉంది. అవి సలహాలు ఇస్తాయి, నివేదికలు రాస్తాయి, తీర్మానాలు చేస్తాయి. కొనుగోలు ఆర్డరు మీద సంతకం పెట్టే చెయ్యి మాత్రం ఇంకొకరిది. అందుకే కొన్నిచోట్ల ఒంటరి మండళ్లు పక్క మండళ్లతో జత కట్టాయి. అమెరికా ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్‌లో ఆరు చిన్న రాష్ట్రాలు కలిసి, 2030 నాటికి తాము తినే ఆహారంలో 30 శాతం తమ ప్రాంతంలోనే పండాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఒక రాష్ట్రంలో పాడి, ఇంకో రాష్ట్రంలో చేపలు, మరో చోట బంగాళదుంప. ఏ ఒక్కటీ ఒంటరిగా కంచం నింపలేదని లెక్క వేసుకున్నాకే కలిశాయి.

మనకు ఇంకా దగ్గరగా అనిపించేది బ్రెజిల్ అనుభవం. అక్కడి బెలో హొరిజాంచి నగరం 1993లో ఆహారానికి విడిగా ఒక శాఖ పెట్టింది. తక్కువ ధరకు భోజనం పెట్టే ప్రజా హోటళ్లు నడిపింది, రైతులు నేరుగా అమ్ముకోవడానికి నగరంలో చోటు ఇచ్చింది. 2009లో వచ్చిన జాతీయ చట్టం మరో అడుగు వేసింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల నుంచి కొనడానికే ఖర్చు చేయాలని నిర్బంధం పెట్టింది. ప్రతి ఊళ్లోనూ తల్లిదండ్రులు, టీచర్లు, పౌర సంఘాలవాళ్లు ఉండే బడి భోజన మండలి ఉండాలి. లెక్కలు ఆ మండలి చూస్తుంది. అది ఆమోదించకపోతే కేంద్రం నిధులు ఆగిపోవచ్చు. మండలికి కోరలు ఉండడమంటే ఇదే.

ఇదే దేశం మరో పాఠం కూడా చెప్పింది. సభ్యుల్లో మూడింట రెండు వంతులు ప్రజా సంఘాలవాళ్లే ఉండే జాతీయ ఆహార భద్రతా మండలిని 2019 జనవరి 1న కొత్త ప్రభుత్వం వచ్చిన రోజే తీసేశారు. మళ్లీ 2023లో పెట్టారు. పైనుంచి వచ్చిన ఉత్తర్వు మీదే నిలబడే మండలి ఇంకో ఉత్తర్వుతో పోతుంది. ఊళ్లో వేళ్లు ఉన్న బడి భోజన మండళ్లు ఆ నాలుగేళ్లూ పనిచేస్తూనే ఉన్నాయి.

కమిటీలకు కొదవ లేదు

మన చట్టాల్లో ఆహార మండలి అనే పేరు లేదు. కానీ దాని ముక్కలు చాలా ఉన్నాయి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం ప్రతి రేషన్ షాపుకు, మండలానికి, జిల్లాకు, రాష్ట్రానికి విజిలెన్స్ కమిటీలు ఉండాలి. వాటిలో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, నిరుపేదలకు చోటు ఉండాలి. అదే చట్టంలో 28వ సెక్షన్ రేషన్ మీద సోషల్ ఆడిట్ జరగాలని చెబుతుంది. జిల్లాలో ఫిర్యాదులు వినే అధికారి, రాష్ట్రంలో ఫుడ్ కమిషన్ ఉన్నాయి. బడికి పేరెంట్స్ కమిటీ ఉంది. పాత విత్తనాలు, చెరువులు, పశు జాతుల వివరాలు రాయడానికి 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీకో కమిటీ ఉండాలి. గ్రామ ఆరోగ్యం, పోషణ చూసే కమిటీ ఇంకోటి.

ఒక్కో కమిటీ ఒక్కో వస్తువును చూస్తుంది. రేషన్ కమిటీ బియ్యం తూకం చూస్తుంది. బడి కమిటీ గుడ్డు సైజు చూస్తుంది. మొత్తం కంచాన్ని చూసే కమిటీ లేదు. రేషన్ బియ్యం తీసుకునే ఇల్లు, బడికి వెళ్లే పిల్ల, అంగన్‌వాడీకి వెళ్లే గర్భిణి, ధాన్యం అమ్మే రైతు చాలాసార్లు ఒకే కుటుంబం. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం నలుగురు వేర్వేరు లబ్ధిదారులు.

ఈ విడదీత వల్ల జరిగే నష్టానికి బలవర్ధక బియ్యం మంచి ఉదాహరణ. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి తయారు చేసిన గింజలను మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలిపి రేషన్‌కు పంపారు. చాటలో చెరుగుతుంటే ఆ గింజ కొంచెం తేడాగా కనిపిస్తుంది. నీళ్లలో వేస్తే కొన్ని తేలతాయి. ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఇంటింటా పుకారు పుట్టింది. చాలామంది తల్లులు జాగ్రత్తగా ఒక్కో గింజనూ ఏరి పారేశారు. పిల్లల రక్తహీనతకు మందని పంపినది చెత్తబుట్టలోకి పోయింది. ఆ తల్లుల తప్పు ఏమీ లేదు. పిల్లల కడుపు గురించి భయపడటం తల్లి చేయాల్సిన పనే. రేషన్ డీలరు, ఆశా కార్యకర్త, వంట చేసే ఆమె ఒక్క పూట ఒకచోట కూర్చుని ఆ బియ్యం వండి చూపించి ఉంటే పుకారు ఆ పూటతో ఆగేది. ఆ గింజ అసలు కావాలా, దాని బదులు రాగి, పప్పు, ఆకుకూర పెంచాలా అని ప్రశ్నించే చోటు కూడా అదే అయ్యేది.

రేషన్ ఇచ్చే పద్ధతి సంగతి చూసినా ఇంతే. 2021లో రాష్ట్రమంతా 9,260 వాహనాలు పెట్టి బియ్యం వీధిలోకి తెచ్చారు. 2025 జూన్ 1 నుంచి వాహనాలు తీసేసి మళ్లీ షాపుల్లో ఇస్తున్నారు. ఏది మేలన్నది ఊరిని బట్టి మారుతుంది. కొండ పక్క ఊరికి వాహనం మేలు కావచ్చు, కూలికి పొద్దున్నే వెళ్లే వాడకు సాయంత్రం తెరిచే షాపు మేలు కావచ్చు. రెండుసార్లూ రాష్ట్రం మొత్తానికి ఒకే నిర్ణయం వచ్చింది.

పుట్టి లెక్క

నెల్లూరు పేరులోనే వరి ఉందంటారు, నెల్లు అంటే ధాన్యం కాబట్టి. మొలగొలుకులు అనే పేరున్న వరి పండిన నేల ఇది. పెన్నా కింద సోమశిల, కండలేరు, సంగం, నెల్లూరు ఆనకట్టల నీటితో కయ్యలు నిండుతాయి. రాష్ట్రంలో మిగతా చోట్ల క్వింటాళ్లలో, బస్తాల్లో మాట్లాడితే ఇక్కడ ధాన్యం ధర పుట్టిలో చెబుతారు. పుట్టి అంటే 850 కిలోలు. 2025-26కు ఏ గ్రేడ్ ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే పుట్టికి సుమారు 20,300. కల్లంలో రైతుకు ఎంత చెప్పారో తెలిస్తే ఈ అంకెతో ఎవరైనా పోల్చుకోవచ్చు.

కల్లం దగ్గర జరిగేది ఒకసారి చూడాలి. రాశి మీద కప్పిన పట్ట తీసి, వ్యాపారి మనిషి లోపల చెయ్యి పెట్టి పిడికెడు గింజలు తీస్తాడు. ఒకటి పంటి కింద పెట్టి కొరుకుతాడు. ‘తేమ ఉంది’ అంటాడు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. ఆరబోయాలంటే స్థలం కావాలి, రోడ్డే గతి. రెండు రోజులు ఆగాలంటే కోత మెషిన్ బాడుగ, కూలి, ఎరువుల కొట్టు బాకీ ఆగవు. రాత్రి మంచు పడితే తేమ మళ్లీ పెరుగుతుంది, ఆకాశం మబ్బు పట్టిందంటే ఒకటే టెన్షన్. ఆ రెండు రోజుల ఓపిక లేకనే రైతు పుట్టికి వేలల్లో వదులుకుంటాడు. ఇక్కడ కూడా ధర నిర్ణయిస్తున్నది గింజ నాణ్యత ఒక్కటే కాదు, తీర్చాల్సిన బాకీ.

నెల్లూరు ఋతువులు కూడా వేరు. ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడిన ప్రాంతం కాబట్టి ఇక్కడి ప్రధాన పంట అక్టోబరు, నవంబరులో మొదలై ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకు వస్తుంది. ఆ తర్వాత ఎడగారు అనే రెండో పంట. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఖరీఫ్ ధాన్యం కొనుగోలు ముగిసే వేళకు ఇక్కడ మొదలవుతుంది. గోనె సంచులు, హమాలీలు, లారీలు, ఆరబెట్టే స్థలం, మిల్లుల కేటాయింపు అన్నీ ఈ ప్రాంతపు క్యాలెండరుతో సిద్ధం కావాలి. అది రాష్ట్ర స్థాయి ఫైలు కంటే స్థానిక మండలి బాగా చేయగల పని.

ఇక కౌలు రైతు. ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం నమోదు చేసే ఈ-క్రాప్‌లో పేరు లేకపోతే మద్దతు ధరకు అమ్ముకోవడం కష్టం. పేరు ఎక్కాలంటే సాగు హక్కు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయపడతాడు. చట్టం అలా చెప్పదు, భయం మాత్రం ఉంది. ఊళ్లో పెద్దమనుషులు, రెవెన్యూ సిబ్బంది, కౌలుదారులు ముఖాముఖి కూర్చునే చోట ఈ భయం తీరే అవకాశం ఉంది. ఆఫీసు కౌంటరు దగ్గర తీరదు. న్యాయమైన ఆహార వ్యవస్థ అన్నప్పుడు ఇంతకంటే ముందు పరిష్కరించాల్సిన విషయం వరి పండే మండలాల్లో ఇంకోటి లేదు.

పొగాకుకు వేలం కేంద్రం, పప్పుకు ఏది?

ప్రకాశం వైపు వస్తే దృశ్యం మారుతుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, అలాగే నెల్లూరు మెట్టలో కలిగిరి, డీసీపల్లి: ఇవన్నీ వర్జీనియా పొగాకు వేలం కేంద్రాలున్న ఊళ్లు. 1975 చట్టంతో ఏర్పడిన పొగాకు బోర్డు దగ్గర, ఆకు కాల్చే ప్రతి బ్యారన్ రిజిస్టర్ అయి ఉంటుంది. ప్రతి బేలుకు నంబరు, తూకం, గ్రేడు ఉంటాయి. వేలం సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది, పంట రుణం అందులోంచే మినహాయించుకుంటారు. సొమ్ము తిరిగి వస్తుందన్న నమ్మకంతో బ్యాంకు అప్పు ఇస్తుంది. అప్పు దొరుకుతుంది కాబట్టి రైతు వేస్తాడు. ధర దెబ్బతిన్న ఏడాదిలో కన్నీళ్లు పెట్టుకుని, మరుసటి ఏడాది మళ్లీ అదే వేస్తాడు. ఇందులో మొండితనమేమీ లేదు. అప్పు దారి అటే ఉంది.

బోర్డు నీడ లేని పొగాకు కథ ఎలా ఉంటుందో 2025లో నల్లబర్లీ రకం పొగాకు చూపించింది. కంపెనీలు కొనకుండా వెనక్కి తగ్గితే చివరకు రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ రంగంలోకి దిగి కొనాల్సి వచ్చింది.

తినలేని ఆకుకు ఇంత ఏర్పాటు ఉంది. అదే నేలలో పండే శనగకు, కందికి, మినుముకు, కొర్రకు, వరిగకు, సజ్జకు ఇందులో సగం కూడా లేదు. శనగ రైతు పంటను కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దాని మీద అప్పు తెచ్చుకుని, ధర కోసం ఎదురుచూస్తాడు. వడ్డీ పెరుగుతుంది, శనగ రంగు మారుతుంది. 2025-26 సీజనుకు మద్దతు ధర క్వింటాలు 5,650 అని కాగితం మీద ప్రకటించారు. కొనేవాళ్లు కావాలి.

ఇక్కడే బడి లెక్క ఉపయోగపడుతుంది. కేంద్ర నిబంధన ప్రకారం ప్రాథమిక బడి పిల్లకు రోజుకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 30 గ్రాములు, 75 గ్రాములు. ఒక మండలంలో ప్రాథమిక బడుల్లో నాలుగు వేల మంది పిల్లలు ఉన్నారనుకుందాం. రోజుకు 80 కిలోల పప్పు, 200 కిలోల కూరగాయలు కావాలి. 220 రోజుల బడికి పప్పు 176 క్వింటాళ్లు. శనగను పప్పు చేస్తే నాలుగో వంతు పోతుందనుకుంటే 235 క్వింటాళ్ల గింజ కావాలి. నల్లరేగడిలో ఎకరాకు ఏడు క్వింటాళ్లు వస్తే సుమారు 33 ఎకరాలు. ఏడాది పొడవునా శనగపప్పే తినిపించరు, కంది, పెసర కూడా ఉంటాయి. అయినా లెక్క స్థూలంగా ఇదే.

ముప్పై మూడు ఎకరాలంటే పది, పదిహేను కుటుంబాల పంట. మండలంలో శనగ వేసే వందల కుటుంబాలకు ఇది ఏ మూలకు? బడి ఒక్కటే శనగ రైతును గట్టెక్కిస్తుందని చెప్పడం అబద్ధం అవుతుంది. ఒక మండలం కోసం పప్పు మిల్లు పెట్టినా సంవత్సరంలో చాలా రోజులు ఖాళీగా ఉంటుంది.

కానీ పది మండలాలు కలిస్తే 330 ఎకరాలు. దానికి పెద్ద తరగతుల పిల్లలు, హాస్టళ్లు, అంగన్‌వాడీలు కలిపితే ఇంకా పెరుగుతుంది. అప్పుడు చిన్న పప్పు మిల్లు నిలబడుతుంది. మిల్లు ఉంటే బజారుకూ అమ్మవచ్చు, పొట్టు పశువులకు పోతుంది. ఒంటరి మండలి సలహా సంఘంగానే ఎందుకు మిగిలిపోతుందో, జత కడితే ఎందుకు కొనుగోలుదారు అవుతుందో ఈ లెక్కలో ఉంది.

గీతలు కదిలాయి, బియ్యం ఆగలేదు

కలవాల్సిన మండలాలు ఒకే జిల్లాలో ఉండాలని లేదు. 1970 దాకా కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోనివే. ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అటు వెళ్లాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయాయి, చీరాల, అద్దంకి బాపట్లలోకి. ఆ తర్వాత కూడా గీతలు కదులుతూనే ఉన్నాయి. ఈ మధ్యలో పొదిలి మనిషి నెల్లూరు సన్నబియ్యం తినడం మానలేదు. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు లారీలెక్కడం ఆగలేదు. నీళ్లదీ అంతే. కృష్ణా నీళ్లు తెలుగు గంగ కాలవలో సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, 1996 నుంచి మద్రాసు నగరం దాకా పోతున్నాయి.

అందుకే ఆహార మండళ్ల కలయికకు జిల్లా సరిహద్దు సరైన కొలత కాదు. మాగాణి, మెట్ట, సముద్రపు ఒడ్డు మూడూ ఒకే బల్ల ముందు కూర్చోవాలి. కోవూరు వైపు బియ్యం మిగులుతుంది, పప్పు కొరత. ఉదయగిరి, కనిగిరి వైపు పప్పు, చిరుధాన్యాలు పండుతాయి, తాగే నీళ్లలో ఫ్లోరైడ్, వానలు నమ్మలేనివి. ఒడ్డు మీద చేపలు, రొయ్యలు ఉంటాయి. ఏ ఒక్కదాని దగ్గరా పూర్తి కంచం లేదు.

రొయ్య సంగతి విడిగా చెప్పాలి. తీరంలో చెరువులు ఎగుమతి కోసమే నడుస్తాయి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే దెబ్బ ఇక్కడి చెరువు గట్ల మీద పడింది. పక్కన పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇళ్లలో రొయ్య పండగ కూర. ఉప్పు నీరు ఇంకి చుట్టుపక్కల కయ్యలు, బావులు పాడవుతున్నాయన్న వరి రైతు గోడు కూడా పాతదే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తగాదా ఇది. ఇలాంటి విరోధం ఉన్న ఇద్దరినీ కూర్చోబెట్టలేని మండలి, ఇష్టమైనవాళ్ల భోజనాల బృందమే అవుతుంది.

చేపలు బుట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మే మత్స్యకార స్త్రీలకు, ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంలో అమ్మడానికి ఏమీ ఉండదు. యానాదులు తరతరాలుగా కాలవల్లో, చెరువుల్లో చేపలు పట్టి బతికినవాళ్లు. చెరువు వేలం పాట పెద్ద కాంట్రాక్టరుకు పోతే వాళ్లు అదే గట్టు మీద కూలీలవుతారు. నెల్లూరులో గిరిజనుల్లో ఎక్కువ మంది వాళ్లే. మండలిలో వాళ్లకు కుర్చీ వేయడమే కాదు, చెరువు వేలం మీద మాట చెల్లేలా ఉండాలి. లేకపోతే ధాన్యం మిల్లు యజమాని, రొయ్యల చెరువు యజమాని, రాజకీయ నాయకుడి తమ్ముడు ముగ్గురూ కలిసి నడిపే కమిటీ ఇంకోటి తయారవుతుంది.

రోజుకో రూపాయి

ఈ ప్రాంతానికి ఇదంతా కొత్త విద్య కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన దూబగుంట ఆడవాళ్లు సారా పాకలు మూయించారు. ఆ పోరాటం నెల్లూరు మెట్ట నుంచి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధానికి దారి తీసింది. నిషేధం తర్వాత సడలింది. ఆ పోరాటంలోంచి పుట్టిన ఇంకో పని మాత్రం నిలిచింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు నెల్లూరు జిల్లాలో పుట్టాయి. ఊరి సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్యగా పెరిగిన డ్వాక్రా వ్యవస్థకు వెనక ఆ రూపాయి కూడా ఉంది. 2011లో సంఘాలకు స్త్రీనిధి పేరుతో సొంత పరపతి సంస్థ కూడా ఏర్పడింది.

ఊళ్లో ఇప్పటికే అప్పు ఇవ్వగలిగిన, లెక్క రాయగలిగిన, పక్క ఊరితో కలిసి పని చేయగలిగిన సంస్థ సమాఖ్య. మధ్యాహ్న భోజనం వండేది చాలాచోట్ల సంఘం సభ్యురాలే. కేంద్రం 2025 మే నుంచి పిల్లకు రోజుకు ప్రాథమికంలో 6.78 రూపాయలు, పై తరగతుల్లో 10.17 రూపాయలు వంట ఖర్చుగా లెక్కకట్టింది. పప్పు, కూర, నూనె, మసాలా, గ్యాస్ అన్నీ అందులోనే రావాలి. అంత బిగువైన లెక్కలో బిల్లు రెండు నెలలు ఆగితే కిరాణా కొట్టు అప్పు తప్పదు. గ్రామ సమాఖ్య ఆ రెండు నెలలకు సరిపడా తిరిగే నిధి ఇస్తే, వంట చేసే ఆమె కొట్టాయన ఖాతాలోంచి బయటపడుతుంది. అప్పుడు ‘ఈ పప్పు వద్దు, ఆ పప్పు కావాలి’ అనగలుగుతుంది. అదే సమాఖ్య శనగ రైతుకు విత్తేటప్పుడు అడ్వాన్స్ ఇస్తే, అతను వ్యాపారి ఖాతాలోంచి బయటపడతాడు. మొదట్లో చెప్పిన రెండు ఖాతా పుస్తకాలూ ఒక్కటవుతాయి.

తెలుగు నేల మీద దీనికి దగ్గరి నమూనా ఒకటి ఉంది. 1990ల నడుమ జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు బీడు పడిన చేలకు పెట్టుబడి అప్పు ఇచ్చి జొన్న పండించాయి. అప్పు తీర్చింది డబ్బుతో కాదు, జొన్నలతో. ఆ జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, ఎవరు పేదలో ఊరంతా కూర్చుని తేల్చుకుని, తక్కువ ధరకు ఇచ్చాయి. ప్రత్యామ్నాయ రేషన్ అన్నారు దాన్ని. అప్పు, పంట, కంచం మూడూ ఒకే సంఘం చేతిలో ఉన్నందుకే అది సాధ్యమైంది.

అడ్డంకులు తక్కువేం కాదు. స్థానిక పప్పు కొన్ని నెలల్లో బజారు ధర కంటే ఎక్కువ పడొచ్చు, తేడా ఎవరు భరించాలో ముందే తేల్చుకోవాలి. పురుగు పట్టకుండా నిల్వ, కల్తీ లేకుండా పరీక్ష, తూకంలో నమ్మకం కావాలి. ఒక పిల్లకు కడుపునొప్పి వచ్చిందంటే మొత్తం ఏర్పాటు కూలుతుంది. ప్రభుత్వం నుంచి వచ్చే బియ్యం, గుడ్డు, చిక్కీ టెండర్లతో వస్తాయి, వాటి మీద ఊరి మాట చెల్లాలంటే టెండరు నిబంధనలే మారాలి. పొదుపు సంఘాల సొమ్మును పంట మీద పెట్టడం సాహసం, పంట పోతే నష్టం పేద ఆడవాళ్లదే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు నెల్లూరు నారుమళ్లు మునిగిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అందుకే నిధిలో కొంత ప్రభుత్వం హామీగా పెట్టాలి, ఒక్క ఊరి సంఘం మీద బరువు పడకుండా సమాఖ్యల మధ్య పంచాలి.

ఇప్పటికిప్పుడు రాష్ట్రం చట్టం చేయకపోయినా మొదలుపెట్టగలిగిన పనులు ఉన్నాయి. రేషన్ విజిలెన్స్ కమిటీ, బడి పేరెంట్స్ కమిటీ, గ్రామ పోషణ కమిటీ నెలకోసారి ఒకే రోజు, ఒకే గదిలో కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కౌలు రైతు, యానాది కుటుంబాల మనిషి, చేపలమ్మే ఆమె, వంట చేసే ఆమె ఆ గదిలో ఉండాలి. మెట్ట నుంచి ఐదారు మండలాలు, మాగాణి నుంచి ఐదారు, తీరం నుంచి రెండో మూడో కలవడానికి కావలి లేదా కందుకూరు చాలు, నెల్లూరు, ఒంగోలు రెండింటికీ బస్సు ఉంది.

మొదటి పని పప్పుతో మొదలుపెట్టడం తేలిక, ఎందుకంటే చెడిపోదు, దూరం పోగలదు, మెట్టకు మార్కెట్టు, మాగాణికి కంచం. ప్రకాశం నల్లరేగడిలో శనగ అక్టోబరు చివర, నవంబరులో విత్తుతారు. ఫిబ్రవరి, మార్చి నాటికి నూర్పిళ్లు. పప్పు పట్టించి, ఎండబెట్టి, సంచుల్లో నింపేసరికి ఏప్రిల్ దాటుతుంది. బడులు జూన్ 12న తెరుస్తారు. కాబట్టి ఏ ఊరి బడికి ఎంత పప్పు కావాలి, ఏ ధరకు, ఎవరు అడ్వాన్స్ ఇస్తారు అన్న లెక్క విత్తనం గింజ నేలలో పడకముందే, సెప్టెంబరులోపే కుదరాలి.